ఆన్‌లైన్ ఖుర్బానీ బుకింగ్: పొట్టేలు బాగుంది, తోలు దగ్గరే తేడా కొట్టింది

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లో ఉంటూ బక్రీద్‌కి పొట్టేలును ఎక్కడ కట్టేయాలి, ఖసాయిని (కోసేవాడిని) ఎక్కడి నుంచి పట్టుకురావాలి, పక్క ఫ్లాటు వాళ్లు ఏమంటారో అని తల పట్టుకునే కుటుంబాల కోసం ఈ రివ్యూ. 2025 బక్రీద్‌కి మేము ఆన్‌లైన్‌లో ఖుర్బానీ, అంటే పండగ బలి, బుక్ చేసే ఒక సర్వీసు వాడాం. శివార్లలో వాళ్లకో షెడ్డుంది, జీవాలను వాళ్లే కొని మేపుతారు, పండగ రోజు మన పేరు మీద జబహ్ చేసి (అల్లాహ్ పేరు చెప్పి కోసి) మాంసం ఇంటికి పంపిస్తారు. పేరు రాయను. ఇలాంటివి సిటీలో ఇప్పుడు చాలా వచ్చాయి, పేరు రాస్తే గొడవంతా ఆ పేరు చుట్టూ తిరిగి అసలు సంగతి పక్కకు పోతుంది.

మాంసం మాత్రం చాలా బాగుంది. లేత పొట్టేలు, కొవ్వు మరీ ఎక్కువ లేదు, ముక్కలు అడిగిన సైజులో కొట్టారు, తలకాయ, కాళ్లు కాల్చి శుభ్రం చేసి విడిగా కట్టారు, డెలివరీ కుర్రాడు మధ్యాహ్నం నమాజు వేళకే గుమ్మంలో ఉన్నాడు. మటన్ కొట్టు రివ్యూ అయితే ఇక్కడే ఆపేసి ఐదు స్టార్లు ఇచ్చేయొచ్చు. కానీ మనం డబ్బు కట్టింది మటన్ కోసం కాదు కదా. ఖుర్బానీ ఎంత బాగా జరిగిందో కూర రుచి చూసి చెప్పలేం. దానికి వయసు లెక్క ఉంది, వేళ లెక్క ఉంది, ఎవరి పేరు మీద అన్న లెక్క ఉంది, కూలి ఎవరివ్వాలన్న లెక్క కూడా ఉంది. నేను రేటింగ్ ఇచ్చేది వాటికే.

"నియ్యత్ (ఉద్దేశం) మంచిదైతే చాలు, ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్లు చెప్పే ఆయత్ (ఖురాన్ వాక్యం) కూడా నాకు తెలుసు, సూరా హజ్ అనే అధ్యాయంలో 37వది, వాటి మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌కు చేరవు, మీ తఖ్వాయే (దైవభక్తే) చేరుతుంది అని. నిజమే, కాదనేదెవరు. కానీ దానికి ముందు ఆయత్‌లోనే, 36లో, వాటి మీద అల్లాహ్ పేరు తలచమని, మీరు తిని, అడిగేవాళ్లకూ అడగనివాళ్లకూ పెట్టమని ఎలా చేయాలో చెప్పి ఉంది. ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తే ఎలా?

ప్రవక్త (స) మాటలు, పనులు రాసిపెట్టిన హదీసు గ్రంథం బుఖారీలో ఆయన అనుచరుడు అబూ బుర్దా బిన్ నియార్ (రజి) సంగతి ఉంటుంది, నాకు ప్రతి బక్రీద్‌కీ అదే గుర్తొస్తుంది. పండగ రోజు అందరికీ మాంసం మీద ఆశ ఉంటుంది కదా, మా ఇంటిదే ముందు కావాలి అని ఆయన ఈద్ నమాజుకు రాకముందే కోసేశారు, తిన్నారు, ఇంట్లోవాళ్లకూ ఇరుగుపొరుగుకూ పెట్టారు. ఆ మనసుకు వంక పెట్టడానికి ఏముంది చెప్పండి. కానీ ప్రవక్త (స) అది మాంసం కోసం కోసిన మేకే అయింది, ఖుర్బానీ కాలేదు అన్నారు. నా దగ్గర ఏడాది నిండని మేకపిల్ల ఒకటుంది, రెండు మేకల మాంసం కంటే మేలైనది, అది చెల్లుతుందా అని అడిగితే, నీకు చెల్లుతుంది, నీ తర్వాత ఇంకెవరికీ చెల్లదు అన్నారు. వేళ, వయసు రెండూ ఈ ఒక్క సంఘటనలోనే తేలిపోయాయి. ఆయనకు లేనిది మంచి ఉద్దేశం కాదు.

ఇక సర్వీసు సంగతి. బుకింగ్ ఫారంలో మొదట అడిగేది "ఎవరి పేరు మీద?" అని, ఇది నాకు బాగా నచ్చింది. మా వైపు, అంటే కోస్తాలో తెలుగే మాట్లాడుకునే మా లాంటి ఇళ్లలో, ఖుర్బానీ అంటే ఇంటి పెద్దాయన పేరు మీద ఒకటి, అంతే. ఆడవాళ్ల బంగారం సంగతి ఎవరూ ఎత్తరు. ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ పద్ధతిలో నిసాబ్ (కనీస ఆస్తి పరిమితి) ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మీదే వాజిబ్ (తప్పనిసరి), మొగుడి ఖుర్బానీతో పెళ్లాం బాధ్యత తీరదు. ఆ నిసాబ్ 87.48 గ్రాముల బంగారం, లేదా 612.36 గ్రాముల వెండి విలువ. నాకు బంగారం అంత లేదులే అనుకునేవాళ్లు ఒక్కసారి చూసుకోండి, బంగారంతో పాటు చేతిలో కాస్త నగదు, వెండి పట్టీలు ఉన్నా లెక్క వెండి వైపు వెళ్తుంది, వెండి లెక్కలో మనలో చాలామందిమి వచ్చేస్తాం. హెల్ప్‌లైన్‌లో అబ్బాయి ఇదంతా ఓపిగ్గా చెప్పాడు, తెలుగులోనే, మధ్యమధ్యలో "ఆపా (అక్కా), మీ మౌలానాను కూడా ఒకసారి అడగండి" అంటూ. అమ్మేవాడు కదా, రెండోది అంటగడుతున్నాడేమో అని మా ఆయనకు అనుమానం, కానీ మా మసీదు ఇమాం సాబ్ కూడా అదే మాట చెప్పారు. (ఇంటికి ఒకటి చాలు అనే అభిప్రాయం మిగతా మజ్‌హబ్‌లలో (సంప్రదాయాల్లో) ఉంది, వాళ్లతో నాకు పేచీ లేదు.)

రెండు పొట్టేళ్లు బుక్ చేశాం. మేకకు ఏడాది నిండాలి. గొర్రెకు ఆర్నెల్లు దాటి, ఏడాది నిండినదాని పక్కన నిలబెడితే తేడా తెలియనంత ఏపుగా ఉంటే సరిపోతుంది. వీళ్లు ఏం చేశారంటే, పశువు ఫొటోతో పాటు పళ్ల ఫొటో కూడా పంపారు. ఎవరిదో బొటనవేలు కింది పెదవిని కిందికి లాగి పట్టుకుంది, చిన్న చిన్న పాలపళ్ల మధ్యలో రెండు వెడల్పాటి కొత్త పళ్లు. మా మామగారు ఫోన్ లాక్కుని జూమ్ చేసి "రెండు పళ్లది, పర్లేదు" అని తేల్చేశారు. ఆయన జియాగూడ గొర్రెల మండీలో దశాబ్దాలుగా బేరాలాడిన మనిషి, ఆయన ఒప్పుకున్నారంటే ఇంక మాట లేదు. ఒకదాని చెవికి చిన్న గాటు ఉంది, రైతులు మందలో గుర్తు కోసం పెట్టేదే, అది కూడా వాళ్లే ముందు చెప్పి, వద్దంటే వేరేది ఇస్తామన్నారు. అంత చిన్న గాటుతో ఇబ్బంది లేదు. ఒంటికన్నుది, కుంటిది, జబ్బుది, ఎముకల్లో మూలుగ కూడా లేనంత బక్కచిక్కినది, ఇవీ పనికిరానివి. ఈ విషయంలో వీళ్లకు పూర్తి మార్కులు.

వేళ దగ్గర కూడా వంక లేదు. ఈద్ నమాజ్ అయ్యాకే మొదలుపెట్టారు, వీడియో మీద టైము పడింది. వీళ్ల షెడ్డు ఊరి బయట ఉంది, ఈద్ నమాజ్ జరగని పల్లెల్లో తెల్లవారాక కోయొచ్చనే వెసులుబాటు హనఫీ ఫిఖ్‌లో (ధర్మశాస్త్రంలో) ఉన్నా దాన్ని వాడుకోలేదట, అడిగితే హెల్ప్‌లైన్ అబ్బాయి "ఎందుకొచ్చిన టెన్షన్ ఆపా" అన్నాడు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు కూడా వీళ్ల దగ్గరే ఒకటి చేయించాడు. అక్కడ వాళ్లకు సౌదీతో పాటు జూన్ 6న పండగ, మనకు 7న. ఈ తేడా వల్ల మన మూడో రోజు నాటికి అక్కడ ఖుర్బానీ రోజులు అయిపోయి తకరారు వస్తుందని, విదేశాల బుకింగులన్నీ మన మొదటి రోజునే ముగించేస్తామని వాళ్లంతట వాళ్లే మెసేజ్ పెట్టారు. ఇది తెలిసి చేశారంటే లోపల ఎవరో చదువుకున్న మనిషి ఉన్నట్టే.

అయితే ఒక చిన్న చికాకు. ఖుర్బానీ ఇచ్చేవాళ్లు బక్రీద్ నెల నెలవంక కనిపించిన దగ్గర్నుంచి జబహ్ అయ్యేదాకా గోళ్లు, వెంట్రుకలు తీయకుండా ఉంటారు కదా, ప్రవక్త (స) భార్య ఉమ్మె సలమా (రజి) హదీసు ప్రకారం. మరి అయిపోయిందని మనకు వెంటనే తెలియాలి. వీళ్ల మెసేజ్ ఎప్పుడొచ్చింది? మాంసం వచ్చి, కలేజా వేయించుకుని తిన్నాక, సాయంత్రం. మా ఆయన గడ్డం సర్దుకోవడానికి పొద్దుటి నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు పాపం.

వీడియో గురించి చెప్పాలి. సిమెంటు నేల మీద కిబ్లా (మక్కా) వైపు పచ్చ రంగుతో గీత గీసి ఉంది, పొట్టేలును ఎడమ పక్కకు పడుకోబెట్టారు, పేరు చదివారు, బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ స్పష్టంగా వినిపించింది, కత్తి పదునుగా ఉంది, ఒక్క ఊపులో అయిపోయింది. బాగానే ఉంది అనుకుంటూ రెండోసారి చూస్తే ఎడమ మూలలో ఇంకో పొట్టేలు కట్టేసి ఉంది, తల ఇటే తిప్పి చూస్తోంది. నాకు కడుపులో తిప్పింది. ఒక జీవం ముందు ఇంకోదాన్ని కోయకూడదు, దాని కళ్లముందు కత్తి నూరకూడదు, ఇవి మనకు చిన్నప్పుడే చెప్పిన మాటలు. మేకను కింద పడేసి కత్తి నూరుతున్న మనిషిని చూసి, దాన్ని రెండుసార్లు చంపుతావా అని ప్రవక్త (స) మందలించారు కదా. ముస్లిం అనే హదీసు గ్రంథంలో షద్దాద్ బిన్ ఔస్ (రజి) హదీసు కూడా అదే, కోసేటప్పుడు కూడా మంచిగా కోయండి, కత్తికి పదును పెట్టుకోండి, జంతువును బాధపెట్టకండి అని. మధ్యలో ఒక పరదా కడితే సరిపోయేది, ఎంత ఖర్చవుతుంది ఒక టార్పాలిన్‌కి! రోజుకు అన్నేసి బుకింగులు తీసుకుంటే వరస కట్టక తప్పదంటారేమో, అలాంటప్పుడు బుకింగులు తగ్గించుకోవాలి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. ప్యాకేజీలో పెద్ద అక్షరాలతో "కటింగ్ ఉచితం" అని ఉంది. పండగ రోజు ఖసాయి దొరకడమే గగనం, దొరికినా అడిగినంత ఇవ్వాలి, అలాంటిది ఉచితం అంటే ఎవరికైనా ఆశే. ఎలా కుదిరింది అని అడిగితే ఆ అబ్బాయి ఏ దాపరికం లేకుండా చెప్పేశాడు, "ఆపా, తోలు ఖసాయి ఉంచుకుంటాడు, అందుకని మీకు చార్జీ వేయలేదు, మీకే లాభం." కల్మషం లేకుండా చెప్పాడు, జనానికి ఖర్చు తగ్గించాలనే చేశారు, అది నాకు అర్థమైంది. కానీ చేయకూడనిది సరిగ్గా ఇదే. ఖుర్బానీ పశువులో ఏ భాగమూ కోసినందుకు కూలిగా ఇవ్వకూడదు. ఆఖరి హజ్‌లో ప్రవక్త (స) వంద ఒంటెలు ఖుర్బానీ ఇచ్చారు, 63 స్వయంగా కోసి మిగతావి అల్లుడు అలీ (రజి)కి అప్పగించారు, వాటి మాంసం, తోళ్లు, పైన కప్పిన బట్టలు అన్నీ దానం చేసేయమన్నారు, కోసేవాడికి మాత్రం అందులోంచి ఏమీ ఇవ్వొద్దన్నారు. కూలి మేము మా దగ్గర్నుంచి ఇచ్చేవాళ్లం అని అలీ (రజి) చెప్పారు. తోలు మనం వాడుకోవచ్చు, దానం ఇవ్వొచ్చు, పూర్తి కూలి ఇచ్చాక అదే ఖసాయికి బహుమానంగా కూడా ఇచ్చుకోవచ్చు. అమ్మితే ఆ డబ్బు సద్కా (దానం) చేయాలి. కూలి కింద జమ కట్టడం మాత్రం కుదరదు.

ఒకప్పుడైతే తోళ్ల కోసం మదర్సా కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగేవాళ్లు, ఏడాది ఖర్చులో కొంత దాంతోనే గడిచేది. ఈ మధ్య తోలు ధర పడిపోయి కొన్ని చోట్ల తీసుకునేవాడే లేడు. వీళ్ల లెక్క కూడా అక్కడి నుంచే వచ్చినట్టుంది, ఎలాగూ విలువలేనిదే కదా ఖసాయికి పోతే ఏమైంది అని. విలువ తక్కువైనంత మాత్రాన అది మనది అయిపోదు. ఇమాం సాబ్‌ను అడిగితే ఖుర్బానీ చెల్లుతుంది గానీ కూలిగా పోయిన దాని విలువ సద్కా ఇచ్చేయమన్నారు, ఇచ్చేశాం. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ ప్యాకేజీ తీసుకున్న మిగతా వాళ్లలో ఎంతమంది అడిగి ఉంటారు? అంతా మంచి నియ్యత్‌తో డబ్బు కట్టినవాళ్లే.

మాంసం పంపకం విషయంలో మూడు భాగాలు, లేదా మొత్తం దానం అని రెండు ఆప్షన్లు ఉన్నాయి. మూడు భాగాలు తప్పనిసరేమీ కాదు, మంచి పద్ధతి అంతే. మేము ఒకటి మూడు భాగాలు చేయించి, ఒకటి మొత్తం ఇచ్చేయమన్నాం. దానం చేసిన చోటు ఫొటోలు అడగకుండానే పంపారు, అందులో తీసుకున్నవాళ్ల మొహాలు కనిపించకుండా చేతుల వరకే తీశారు, అది చూసి ముచ్చటేసింది. ధర మండీతో పోలిస్తే రెండు మూడు వేలు ఎక్కువ, కానీ రవాణా, మేత, శుభ్రం చేయడం, అపార్ట్‌మెంట్ సెక్రటరీతో మాటలు పడకపోవడం అన్నీ కలుపుకుంటే గిట్టుబాటే.

తోలు, పరదా రెండూ సరిచేస్తే నేనే పదిమందికి చెప్తా అని వాళ్లకు పెద్ద మెసేజ్ రాశాను. పరదా గురించి వెంటనే సారీ చెప్పారు, వచ్చే ఏడాది కడతామన్నారు. తోలు గురించి "మేనేజ్‌మెంట్ దృష్టికి తీసుకెళ్తాం" అన్నారు. మీరు ఎక్కడ బుక్ చేసినా పళ్ల ఫొటో, జబహ్ టైము అడగండి, ఖసాయి కూలి విడిగా ఒక లైనులో వేసి రశీదు ఇవ్వమనండి, ఐదారొందలు ఎక్కువైనా సరే. ముందస్తు బుకింగ్‌కి డిస్కౌంట్ అని మొన్న వాళ్ల దగ్గర్నుంచి మళ్లీ మెసేజ్ వచ్చింది, కింద "కటింగ్ ఉచితం" అలాగే ఉంది. అడిగాను, ఇంకా జవాబు రాలేదు. రాకపోతే ఈసారి మామగారితో జియాగూడ వెళ్లడమే.