సీటు బెల్టు దీపం వెలిగి ఉండగా

డైపర్ మానిపించి ఐదు వారాలే అయిన పాపతో ఇటీవల సుదూర విమాన ప్రయాణం చేసి వచ్చాము. వెళ్ళేటప్పుడు 14 గంటల విమానం ఒకటి, 6 గంటల విరామం, ఆపైన 4 గంటల విమానం ఒకటి. వచ్చేటప్పుడు అదే వరుస తలకిందులుగా. చిన్న విమానాలు రెండూ ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయాయి కాబట్టి వాటి గురించి రాయవలసింది లేదు. పెద్ద విమానాల్లో మొదటిదానిలో ఒక ఎయిర్ హోస్టెస్ అన్న మాటకు నాకు ఇప్పటికీ మనసు మండుతుంది. రెండోదానిలో మరొక ఎయిర్ హోస్టెస్ చేసిన సాయం తలచుకుంటే ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ రెండు ప్రయాణాల మధ్య నేను తెలుసుకున్నది ఇదే వయసు పిల్లలతో బయలుదేరబోయే వారికి పనికి వస్తుందని రాస్తున్నాను.

పాపకు రెండేళ్ళ ఎనిమిది నెలలు. రెండేళ్ళు నిండిన పిల్లలకు విమానంలో విడిగా సీటు తీసుకోవలసిందే కనుక, విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ తన సీటులో తాను బెల్టు పెట్టుకుని కూర్చోవాలి, ఒళ్ళోకి తీసుకునే వీలు ఉండదు. పగటిపూట సుస్సు వస్తే చెప్పడం తనకు బాగానే అలవాటయింది గానీ, చెప్పిన తర్వాత రెండు నిమిషాలకు మించి ఆపుకోలేదు. రాత్రి నిద్రలో ఇంకా తడుపుతుంది. అది సహజమే. నిద్రలో ఆపుకోగలగడం నేర్పితే వచ్చేది కాదు, శరీరం ఎదిగేకొద్దీ వచ్చేది. ఐదేళ్ళలోపు పిల్లలు పక్క తడిపితే వైద్యులు దాన్ని జబ్బుగా చూడరు. పిల్లలో సిద్ధపడిన సూచనలు కనిపించాకే, బలవంతం లేకుండా నేర్పాలని అమెరికన్ శిశువైద్యుడు టి. బెర్రీ బ్రేజెల్టన్ 1962లో ప్రతిపాదించిన పద్ధతినే మా శిశువైద్యురాలు కూడా చెప్పారు. ప్రయాణాలు, ఇల్లు మారడం వంటివి దగ్గరలో ఉంటే మొదలుపెట్టవద్దని కూడా హెచ్చరించారు. మేము మొదలుపెట్టే నాటికి ఈ ప్రయాణం ఆలోచనలోనే లేదు.

బయలుదేరే ముందు రోజు ఇంట్లో పెద్ద వాదన జరిగింది. మాతో వస్తున్న మా అమ్మ, "ఇన్నాళ్ళు కష్టపడి మానిపించి మళ్ళీ తొడిగితే దానికేం అర్థమవుతుందే? వద్దు" అని పట్టుబట్టింది. మావారు "విమానంలో ఏదీ మన చేతిలో ఉండదు, తొడుగుదాం" అన్నారు. నేను అమ్మ మాట విన్నాను. ఐదు వారాలుగా రోజుకు పదిసార్లు పాప వెంట పరుగెత్తింది నేను. ఆ కష్టం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నిద్రపోయేటప్పుడు మాత్రం ప్యాంటులా తొడిగే డైపర్ వేద్దామని, మెలకువగా ఉన్నంతసేపూ మామూలు లోదుస్తులే ఉంచుదామని నిర్ణయించుకున్నాము.

చిన్నపిల్లలున్నవారిని ముందుగా ఎక్కిస్తామని పిలిచినప్పుడు సంతోషంగా వెళ్ళి కూర్చున్నాము. ఈ వయసు పిల్లలున్నవారు ఆ పిలుపును పట్టించుకోకూడదని ఇప్పుడు గట్టిగా చెబుతాను. అందరికంటే ముందు ఎక్కడమంటే తలుపులు మూసేదాకా అందరికంటే ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడమే. బోర్డింగ్ గేటు దగ్గర పాపను టాయిలెట్‌కు తీసుకువెళ్ళి వచ్చాము. ఆ తర్వాత సీటులో 45 నిమిషాలు గడిచాయి, విమానం గేటు వదిలాక రన్‌వే వరుసలో మరో 35 నిమిషాలు ఆగాము. తిరుగు ప్రయాణంలో అమ్మా మావారూ సామాను తీసుకుని ముందు ఎక్కారు, నేనూ పాపా టాయిలెట్ పక్కనే చివరి పిలుపుదాకా ఉండి ఆఖరున ఎక్కాము. ఆ ఒక్క మార్పుతో మాకు అరగంట కలిసివచ్చింది.

రన్‌వే వరుసలో ఉండగా పాప "అమ్మా, సుస్సు" అంది. ఇంట్లో ఎలా చెబుతుందో అలాగే, ఏడవకుండా, మెల్లగా చెప్పింది. రెండు మోకాళ్ళూ దగ్గరగా ముడుచుకుని, ఒక చేత్తో బెల్టు బిళ్ళను, మరో చేత్తో నా వేళ్ళను పట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది. విమానం కదలడం లేదు, టాయిలెట్ మాకు నాలుగు వరుసల ముందే ఉంది. నేను చెయ్యి ఎత్తి పిలిచాను. ఎదురుగా మడతకుర్చీలో కూర్చున్న ఎయిర్ హోస్టెస్ లేవకుండానే, మూడు నాలుగు వరుసలకు వినబడేలా, "సీటు బెల్టు దీపం కనబడటం లేదా? ఇంత చిన్నపిల్లకు డైపర్ వేసి తీసుకురావాలని తెలియదా?" అంది. నేను నియమాన్ని తప్పు పట్టడం లేదు. విమానం ఏ క్షణాన కదులుతుందో తెలియనప్పుడు నడవలో పిల్లను నడిపించకూడదన్నది మా మంచికోసం పెట్టినదే. కాని "ఇంకొక్క పది నిమిషాలు, తల్లీ" అని చెప్పి ఉంటే అదే నియమం పాప చెవిన వేరుగా పడేది. పాపకు డైపర్ అన్న మాట బాగా తెలుసు, ఆ గొంతులోని విసుగు అంతకంటే బాగా తెలిసింది. తల తిప్పి ఆమెనే చూస్తూ ఉండిపోయింది. నా వేళ్ళ మీద పట్టు సడలింది. సీటు తడిసింది. తడిసిన తర్వాత ఒక్కటే మాట అంది: "నేను చెప్పాను కదమ్మా."

నిజమే, తను చెప్పింది. చేయవలసిన పని చేసింది. దానికి దొరికింది కసురు.

విమానం లేచి, ఆ దీపం ఆరడానికి మరో 20 నిమిషాలు పట్టింది. అంతసేపూ తడి బట్టల్లోనే బెల్టు పెట్టి ఉంచాము. విమానం సీటు మెత్తలు చాలావరకు వెల్క్రో పట్టీలతో అతికించి ఉంటాయి, ఊడదీసి మార్చగలరు. కాని అదనపు మెత్త లేదన్నారు. ఒక ప్లాస్టిక్ సంచీ, పలచని దుప్పటి ఇచ్చారు, అదీ మూడుసార్లు అడిగాక. చాటుగా తుడిచేసి ఊరుకోవద్దు, సిబ్బందికి చెప్పి తీరండి. తర్వాత ఆ సీటులో కూర్చోబోయేది మరొకరి బిడ్డ కావచ్చు. అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది, డైపర్ వద్దన్నది తానేనన్న బాధ ఆమెది. మావారు "నేను చెప్పలేదా" అనలేదు, ఆ సంయమనానికి ఆయనకు కృతజ్ఞురాలిని.

అసలు నష్టం ఆ తర్వాత మొదలైంది. ఆరు గంటలపాటు పాప ఒక్కసారీ సుస్సు అనలేదు. టాయిలెట్‌కు తీసుకువెళ్ళినా కూర్చోనన్నది. ఒకసారి బతిమాలి కూర్చోబెడితే, నేను ఆలోచించకుండా మీట నొక్కాను. ఆ శబ్దానికి నా మెడ పట్టుకుని వేలాడింది. విమానం టాయిలెట్‌లో ఇంట్లోలా ఎక్కువ నీళ్ళు పోసి కడగడం ఉండదు. 1975లో జేమ్స్ కెంపర్ పేటెంటు పొందిన పద్ధతి అది: పైన ఎగురుతున్నప్పుడు బయటి గాలి పీడనం తక్కువ కాబట్టి, ఆ తేడాతోనే గాలి ఒక్క ఉదుటున గొట్టంలోకి లాగుకుపోతుంది, నేల మీదా తక్కువ ఎత్తులోనూ ఆ పని ఒక పంపు చేస్తుంది. పెద్దవాళ్ళమైన మనమే ఉలిక్కిపడే ఆ చప్పుడు, తన శరీరంలోనుంచి వచ్చినది అలా మాయం కావడం పసివాళ్ళకు ఎంత భయంకరమో నేను ముందుగా ఆలోచించలేదు. తర్వాత మేము పాటించిన వరుస ఇది: పాప దిగాలి, బట్టలు సర్దుకోవాలి, మూత వేయాలి, పాపతో మావారు తలుపు బయట నిలబడాలి, అప్పుడు నేను మీట నొక్కాలి. ఈ భయం విమానంతోనే పోదు. విమానాశ్రయాల్లో మనిషి లేచినట్టు కనిపెట్టి తనంతట తానే నీళ్ళు వదిలే టాయిలెట్లు ఉంటాయి. పిల్లల శరీరం చిన్నది కనుక కూర్చుని ఉండగానే వదిలేస్తాయి. ఆ కన్నులాంటి దానిమీద అతుక్కునే చిన్న కాగితం ముక్క ఒకటి అంటించి, అయ్యాక తీసేయండి. మొత్తం సామానులో అంత తేలికైనదీ, అంత ఉపకారం చేసినదీ మరొకటి లేదు.

అమ్మ చేసిన మరొక పొరపాటు గురించీ చెప్పాలి. మళ్ళీ తడుపుతుందేమోనన్న భయంతో ఆమె పాపకు నీళ్ళు తాగించడం తగ్గించింది. నేను నిద్రలో ఉండి గమనించలేదు. విమానంలోపలి గాలిలో తేమ 20 శాతం లోపే ఉంటుంది, పెదవులు ఎండిపోవడం అందుకే. నీళ్ళు తగ్గితే సుస్సు తగ్గడమే కాదు, మలం కూడా గట్టిపడుతుంది. గట్టిపడితే నొప్పి, నొప్పి పుడితే బిగబట్టుకోవడం, బిగబట్టుకుంటే మరింత గట్టిపడటం. ఈ గొలుసు ఒకసారి పడితే విడిపించడానికి వారాలు పడుతుంది. విమానంలో తాగే నీళ్ళు ఎప్పుడూ తగ్గించకండి. డైపర్ ఒకటి ఎక్కువ ఖర్చయితే అవుతుంది.

విరామంలో విమానాశ్రయంలోపలే నాలుగు గంటలకు గది తీసుకున్నాము. మావారు అనవసరపు ఖర్చన్నారు. గది ఇరుకు, కిటికీ లేదు, పరుపు పలచన. వేరే సందర్భంలో అయితే నేనూ మెచ్చుకునేదాన్ని కాదు. కాని చప్పుడు చేయని మామూలు టాయిలెట్ ఉంది, తలుపు బయట వరుసలో నిలబడి తట్టేవారు లేరు. మా వెంట తెచ్చుకున్న మడత సీటు దానిమీద అమర్చి, గోరువెచ్చటి నీళ్ళు తాగించి, పాదాల కింద చేతిసంచీ పెట్టి కూర్చోబెట్టాను. పాదాలు గాలిలో వేలాడుతుంటే పిల్లలు రెంటికి సరిగా వెళ్ళలేరు, ఏదో ఒక ఆనిక ఉండాలి. ఇరవై నిమిషాలు ఎవరూ తొందరపెట్టకుండా కూర్చుంది, వెళ్ళింది. మొత్తం ప్రయాణంలో డబ్బుకు తగిన ఫలితం ఇచ్చినది ఆ గదే. ఆ విమానాశ్రయంలోనే కుటుంబాల కోసం వేరుగా ఒక గది, అందులో పిల్లల ఎత్తుకు సరిపోయే చిన్న టాయిలెట్ ఉన్నాయి, వాటినీ మెచ్చుకోవాలి. మేము దిగిన విమానాశ్రయంలో మాత్రం పిల్లల బట్టలు మార్చే బల్ల ఆడవారి వైపు మాత్రమే ఉంది; మావారు పాపను ఎత్తుకుని వెళ్ళి, చోటు లేక తిరిగి వచ్చారు. తండ్రులు పిల్లలను చూసుకోరని ఆ కట్టడం కట్టినవారు ముందే తేల్చుకున్నట్టుంది.

ఇక తిరుగు ప్రయాణం. ఈసారి పాపకు మెలకువలోనూ డైపర్ తొడిగాము, కాని ముందు రోజే తనకు చెప్పాము: "ఇది విమానం ప్యాంటు. దీపం వెలిగినప్పుడు మనం లేవకూడదు కదా, అందుకు. నువ్వు మాత్రం ఎప్పటిలాగే చెప్పాలి." తొడగడం వేరు, నేర్చుకున్నది వదిలేయడం వేరు. విమానంలో కాపాడుకోవలసింది పొడి బట్టలను కాదు, సుస్సు వస్తే చెప్పే ఆ అలవాటును. తడిస్తే బట్టలు మార్చవచ్చు, చెప్పడం మానేస్తే మొదటికి వస్తాము. ఇది ముందే తెలిసి ఉంటే అమ్మకూ మావారికీ మధ్య వాదనే ఉండేది కాదు, ఇద్దరూ సగం సగం సరిగానే చెప్పారు.

ఆ విమానంలో ఎక్కగానే, నడవలో నిలబడ్డ ఎయిర్ హోస్టెస్‌తో నేనే ముందుగా మాట్లాడాను: పాప ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది, రెండు నిమిషాలకు మించి ఆగలేదు అని. ఆమె వంగి పాపతో, "నీకు రాగానే నాకు కూడా చెబుతావా?" అని అడిగింది. ఆ తర్వాత ఆమె కొన్ని పనులు చేసింది, అన్నీ చిన్నవే. భోజనాల బండి బయలుదేరే ముందు వచ్చి, "ఇప్పుడు తీసుకువెళ్ళండి, బండి నడవలోకి వస్తే అరగంట దారి ఉండదు" అని చెప్పింది. నిజానికి పిల్లలకు తిన్న అరగంటలోపే రెంటికి రావడం మామూలు, కడుపు నిండగానే పేగులు కదులుతాయి. సరిగ్గా ఆ వేళకే బండి అడ్డంగా ఉంటుంది. అందుకని పాపకు మిగతావారి కంటే ముందే భోజనం కూడా తెచ్చి ఇచ్చింది. విమానం దిగడానికి ముందు మళ్ళీ వచ్చి, "పది నిమిషాల్లో దీపం వెలుగుతుంది" అంది. వెనక ఉన్న టాయిలెట్లలో ఏది కాస్త వెడల్పో కూడా చూపించింది; ఇద్దరం లోపల నిలబడటానికి చోటున్నది అదొక్కటే. విమానం ఎక్కగానే ఈ సంగతులన్నీ మీరే అడగండి, చెప్పేవారి కోసం ఎదురుచూడకండి.

సామాను సంగతి: చేతిసంచీలో ఒక్కో వైపు ప్రయాణానికి ఆరేసి డైపర్లు పెట్టుకుంటే వెళ్ళేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు మూడు వాడాము. పాపకు మూడు జతల బట్టలు సరిపోయాయి. నాకు ఒక్క జత కూడా పెట్టుకోనందుకు తడిసిన బట్టలతోనే 13 గంటలు కూర్చున్నాను. సీటు మీద పరిచే, తడి పీల్చుకునే గుడ్డ రెండు ఉండాలి, మొదటిది విమానం ఎక్కగానే పరచాలి. తడి బట్టలకు జిప్పు సంచులు నాలుగు. వైప్స్ మాత్రం టాయిలెట్‌లో వేయకండి, ఆ గొట్టాలు సన్నవి, ఇరుక్కుంటే మిగతా ప్రయాణమంతా ఒక టాయిలెట్ మూసేస్తారు. మడత సీటు విమానంలో అమరలేదు, గదిలోనే పనికివచ్చింది. బొత్తాలూ పట్టీలూ ఉన్న బట్టలు ఎంత ముద్దుగా ఉన్నా వద్దు, నడుముకు ఎలాస్టిక్ ఉన్న లాగు చాలు.

చివరి విమానం దిగుతుండగా దీపం వెలిగిన ఐదు నిమిషాలకు పాప "అమ్మా, సుస్సు" అంది. "దీపం వెలుగుతోంది కదా నాన్నా, ఇప్పుడు విమానం ప్యాంటులో పోసెయ్యి, చెప్పావు కదా, మంచిదానివి" అన్నాను. అమ్మ ముందుకు వంగి, "చెప్పిందా?" అని అడిగింది. చెప్పిందన్నాను. ఇంటికి చేరాక నిద్ర వేళలు తారుమారై నాలుగు రోజులు పగలు కూడా రెండు మూడుసార్లు తడిపింది, అయిదో రోజు నుంచి మళ్ళీ ఎప్పటిలాగే చెబుతోంది.