రాస్‌బెర్రీ పై 4, లిబ్రెఎలెక్: సినిమా ఫైళ్లు దాచుకునే ఇంటికి తగిన పెట్టె

సినిమాలను హార్డ్‌డిస్కులోనో, ఇంట్లోని నాస్‌లోనో (నెట్‌వర్క్‌కు కలిపిన స్టోరేజ్ పెట్టె) దాచుకునేవాళ్లు హోమ్ థియేటర్ పెట్టె గురించి అడిగితే ముందు చెప్పాల్సింది రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడిచే లిబ్రెఎలెక్ గురించే. కేవలం ఓటీటీలు చూసేవాళ్లు ఇటు రానక్కర్లేదు. ఆహా, నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియోలకు ఇందులో అధికారిక యాప్‌లు లేవు. బయటివాళ్లు రాసిన యాడ్-ఆన్‌లు నడిచినా డీఆర్‌ఎం (కాపీ కాకుండా వేసే డిజిటల్ తాళం) వల్ల 4కే రాదు. ఆ పనికి టీవీలోని యాప్‌లే నయం.

లిబ్రెఎలెక్ 2016లో ఓపెన్‌ఎలెక్ అనే ప్రాజెక్టు నుంచి విడిపోయిన లినక్స్ సిస్టమ్. కోడి అనే మీడియా ప్లేయర్ నడవడానికి ఎంత కావాలో అంతే ఇందులో ఉంటుంది. సిస్టమ్ భాగంలో రాయడానికి వీలుండదు, కొత్త ప్రోగ్రాములు వేసే ప్యాకేజీ మేనేజరూ లేదు. హాల్లో ఇంటిల్లిపాదీ వాడే పెట్టెకు అదే మంచిది, ఎవరు ఏ బటన్ నొక్కినా సిస్టమ్ చెడదు. 2 జీబీ ర్యామ్ ఉన్న బోర్డు, 16 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు సరిపోతాయి. పై 4 ఇమేజ్‌ను (సిస్టమ్ మొత్తం ఉన్న ఫైలు) కార్డు మీద రాసి పెడితే మొదటిసారి స్టోరేజ్ భాగాన్ని పెంచుకుని తనే రీబూట్ అవుతుంది. ఆ కాసేపు ప్లగ్ తీయకూడదు.

పై 5 కొత్తది కదా అని అటు పరుగెత్తనక్కర్లేదు. అందులో హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌ను విప్పే హార్డ్‌వేర్ డీకోడర్ తీసేశారు. దాని ప్రాసెసర్ ఆ ఫార్మాట్‌లోని 1080పీ ఫైళ్లను సాఫ్ట్‌వేర్‌తోనే లాగేస్తుంది గానీ, పై 4 వాటిని హార్డ్‌వేర్‌లోనే ఆడిస్తుంది. హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లోని 4కే 60 ఫ్రేముల ఫైళ్లు రెండింటిలోనూ ఆడతాయి. ఏవీ1 అనే ఫార్మాట్‌కు మాత్రం రెండింటిలోనూ హార్డ్‌వేర్ డీకోడర్ లేదు. అది ముఖ్యమైతే ఇంటెల్ ఎన్100 మినీ పీసీ మీద ఇదే లిబ్రెఎలెక్ జనరిక్ ఇమేజ్ వేసుకోండి.

తెర మూలన పసుపు మెరుపు గుర్తు కనిపించిందంటే కరెంటు చాలడం లేదు. చాలా ఫోన్ చార్జర్లు లోడ్ పడగానే వోల్టేజ్ దించేస్తాయి. 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కొనడంలో పిసినారితనం వద్దు. నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి బోర్డు ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లే. పోర్టబుల్ హార్డ్‌డిస్కులు రెండు తగిలిస్తే ఒకటి మధ్యలో మాయమవుతుంది. విడిగా కరెంటు అందే హబ్ ఒక్కటే దానికి మందు.

కేబుల్‌ను పవర్ పోర్టు పక్కనున్న మైక్రో హెచ్‌డీఎంఐకే తగిలించాలి. 4కే 60 హెర్ట్జ్ ఆ పోర్టులోనే వస్తుంది, అదీ కార్డులోని కాన్ఫిగ్ ఫైలులో 4కేపీ60 లైన్ చేర్చాకే. చిన్న అడాప్టర్ ముక్క పెట్టి మామూలు కేబుల్ వేలాడదీస్తే ఆ బరువుకు పోర్టు వదులై బొమ్మ ఆరిపోతూ ఉంటుంది. ఒక కొస మైక్రో ఉన్న కేబులే తీసుకోండి. టీవీలో కేబుల్ తగిలించిన పోర్టుకు ఎన్‌హాన్స్‌డ్ సిగ్నల్ (4కే 60 తీసుకునే సెట్టింగు), సీఈసీ (టీవీ రిమోట్ నొక్కులను హెచ్‌డీఎంఐ మీదుగా పంపేది) రెండూ ఆన్ చేయాలి. సీఈసీని శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీలో సింప్లింక్ అనీ, సోనీలో బ్రావియా సింక్ అనీ పిలుస్తారు. అది పనిచేస్తే టీవీ రిమోట్‌తోనే కోడి మొత్తం నడుస్తుంది.

కెమెరా పక్కకు తిరిగినప్పుడు బొమ్మ తడబడుతోందా? ఎక్కువ సినిమాలు సెకనుకు 23.976 ఫ్రేములు, టీవీ 60 హెర్ట్జ్. ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు పడటం వల్ల ఆ కుదుపు. ప్లేయర్ సెట్టింగుల్లో డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ సర్దుబాటును ‘స్టార్ట్/స్టాప్’ మీద పెట్టండి. మెనూను 1080పీ 60లో ఉంచి, వైట్‌లిస్ట్‌లో (కోడి వాడుకోవచ్చని ఒప్పుకునే మోడ్‌ల జాబితా) 1080పీ, 4కే మోడ్‌లను 23.98 నుంచి 60 వరకూ టిక్ చేయండి. ఖాళీగా వదిలేస్తే 4కే సినిమా కూడా 1080పీలోనే ఆడుతుంది. ఇవి కనిపించాలంటే సెట్టింగుల స్థాయిని ఎక్స్‌పర్ట్‌కు మార్చాలి. ఈ పెట్టె అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఆడియో సెట్టింగుల్లో, టీవీ స్పీకర్లే ఉంటే ఛానెళ్లు 2.0, పాస్‌త్రూ (శబ్దాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపడం) ఆఫ్. విడి స్పీకర్లను నడిపే ఏవీ రిసీవర్ ఉంటేనే పాస్‌త్రూ ఆన్ చేసి, అది పలికే ఫార్మాట్లకే టిక్ పెట్టాలి. మామూలు ఆర్క్ (టీవీ నుంచి రిసీవర్‌కు హెచ్‌డీఎంఐ మీదుగా శబ్దం వెళ్లే) దారిలో డాల్బీ ట్రూహెచ్‌డీ శబ్దం వెళ్లదు, పై 4ను నేరుగా రిసీవర్‌కు కలపాలి. ‘సింక్ ప్లేబ్యాక్ టు డిస్‌ప్లే’ ఆన్‌లో ఉంటే పాస్‌త్రూ పనిచేయదు. రిసీవర్‌కు పాస్‌త్రూ శబ్దం అందకపోతే ముందు చూడాల్సింది అదే.

తెలుగు సబ్‌టైటిళ్ల స్థానంలో డబ్బాలు వస్తే ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేదని. నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఫైలును కోడి ఫోల్డర్‌లోని మీడియా, అందులోని ఫాంట్స్‌లో వేసి సబ్‌టైటిల్ సెట్టింగుల్లో ఎంచుకోండి. ఒత్తులు కూడా చక్కగా కుదురుతాయి. డబ్బాలకు బదులు పిచ్చి అక్షరాలు వస్తే ఆ ఫైలు యూటీఎఫ్-8లో లేదు, నోట్‌ప్యాడ్‌లో అలా మార్చి సేవ్ చేయాలి.

నీలిరంగు యూఎస్‌బీ పోర్టులో డిస్కు పెట్టగానే వైఫై నెమ్మదిస్తే ఆశ్చర్యం లేదు. యూఎస్‌బీ 3 పుట్టించే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని దెబ్బతీస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కు మారండి, లేదా ఈథర్నెట్ తీగ లాగండి. హెచ్‌డీఆర్ (వెలుగునీడలు, రంగులు ఎక్కువగా చూపే) పద్ధతుల్లో ఒకటైన డాల్బీ విజన్‌లో ప్రొఫైల్ 5 రకం ఫైళ్లు ఆకుపచ్చ, ఊదా రంగుల్లో కనిపిస్తాయి. అది సెట్టింగులతో పోయేది కాదు, అదే సినిమా హెచ్‌డీఆర్10 ఫైలు తెచ్చుకోవాలి.