పాత గేములు వదిలించుకునే దారులు: ఏళ్ల వాడకం తర్వాత నా మార్కులు

మూడు తరాల కన్సోళ్లు, వాటి కార్ట్రిడ్జ్‌లు, డిస్కులు, ఏ వైరు దేనిదో అంతుచిక్కని ఓ పెట్టె. కొన్నేళ్లుగా వీటిని మెల్లగా ఇల్లు దాటిస్తున్నాను. షాపులో మార్పిడి, నేరుగా అమ్మకం, దానం, ఈ-వ్యర్థాల కేంద్రం, అన్నీ వాడి చూశాను. ఎక్కువ మార్కులు మాత్రం పంపే ముందు చేసే రిపేరుకే వేస్తాను. ఆడుతుందో లేదో చూడకుండా ఇచ్చిన గేమ్ అంటే మన చెత్తను పక్కింట్లో పోసినట్టే.

పాత నింటెండో కార్ట్రిడ్జ్‌లకు మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ కావాలి, కన్సోల్ విప్పడానికి 4.5ది. నా జత ఇన్నేళ్లయినా అరగలేదు. 90 శాతం దాటిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని ఇయర్‌బడ్‌కి అద్ది కార్ట్రిడ్జ్ అంచున ఉండే లోహపు కాంటాక్టుల మీద రుద్దితే మొదటి దూది నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా బడ్స్ మారుస్తూ పోవాలి. పాడైపోయిందనుకున్న కార్ట్రిడ్జ్‌లు చాలావరకు ఇంతమాత్రానికే ఆడతాయి. నోటితో ఊదే అలవాటు మాత్రం మానండి, ఆ తేమకి లోహం తుప్పు పడుతుంది.

ఆట ఆడుతున్నా సేవ్ నిలవట్లేదంటే చాలా కార్ట్రిడ్జ్‌లలో లోపలి బటన్ బ్యాటరీ అయిపోయిందని అర్థం. గడియారం కూడా నడిపే పోకెమాన్ గోల్డ్, సిల్వర్ లాంటివాటిలో ఇది ఇంకా తొందరగా అయిపోతుంది. రేకులు అతికి ఉన్న బ్యాటరీ తెచ్చి సోల్డరింగ్ చేయాలి. టేపు వేసి సరిపెట్టేస్తే కొన్నాళ్లకే కదిలిపోతుంది. పాత బ్యాటరీ తీస్తే పాత సేవ్ కూడా పోతుంది కాబట్టి, దాని మీద మమకారం ఉంటే కార్ట్రిడ్జ్ రీడర్‌తో ముందే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి.

డిస్కుల విషయంలో అందరూ మెరిసే వైపే చూస్తారు. సీడీలో డేటా పొర లేబుల్ కిందే ఉంటుంది, అటువైపు పడిన గీతే ప్రమాదం. లైటుకి ఎదురుగా పట్టుకుంటే సూది మొనంత వెలుగు కనిపించిందా, అక్కడ పొర ఊడినట్టే, పాలిష్ చేయించడం దండగ. బ్లూ-రేకి అసలు పాలిష్ జోలికే పోవద్దు, డేటా పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది.

ఇక దారుల సంగతి. షాపులో మార్పిడి సులువే, గిట్టుబాటు ఉండదు. ఏటా కొత్తది వచ్చే స్పోర్ట్స్ గేములకైతే మరీ అన్యాయం. నేరుగా అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి, బేరాల టెన్షన్ కూడా వస్తుంది. కన్సోల్, రెండు కంట్రోలర్లు, కొన్ని ఆటలు కలిపి సెట్‌గా పెడితే తొందరగా పోతాయి. ఏ రీజియన్ డిస్కో, అంటే ఏ ప్రాంతపు కన్సోళ్ల కోసం చేసిందో ముందే చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు.

దానం నాకు బాగా నచ్చిన దారి, తీసుకునేవాళ్ల టీవీ ఏదో అడిగి ఇస్తేనే. తుపాకీని తెర వైపు గురిపెట్టి బాతుల్లాంటివాటిని కాల్చే పాత లైట్‌గన్ ఆటలు సీఆర్‌టీ (పాత డబ్బా) టీవీ మీదే పనిచేస్తాయి. ఎల్‌ఈడీ ముందు పిల్లలు ఎంత నొక్కినా బాతు పడదు. కన్సోల్ ఇచ్చే ముందు మన ఖాతా తీసేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. డౌన్‌లోడ్ చేసుకున్న ఆటలు దాంతో పోతాయి. నింటెండో 3డీఎస్, వీ యూ కన్సోళ్ల ఆన్‌లైన్ దుకాణాలైన ఈషాప్‌లలో 2023 మార్చిలో అమ్మకాలు ఆగిపోయాయి, కాబట్టి కొత్త యజమాని అక్కడ డబ్బులిచ్చి కొనుక్కుందామన్నా కుదరదు.

ఈ-వ్యర్థాల కేంద్రానికి నేను పంపేది కాలిపోయిన బోర్డులు, తెగిన వైర్లు, ఉబ్బిన బ్యాటరీలు. చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ వెనక మూత సరిగ్గా కూర్చోవట్లేదంటే లోపల బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. దాన్ని ఛార్జ్ చేయొద్దు, పొడవొద్దు. టెర్మినళ్లకు టేపు వేసి విడిగా ఇవ్వాలి. లిథియం బ్యాటరీ చెత్త బండిలో నలిగితే మంటలే.

ఎవరూ కొనరని తోచిన ఆటల్ని మాత్రం అటు పంపను. 1983లో గేముల కంపెనీ అటారీ అమ్ముడుపోని సరుకును న్యూమెక్సికోలోని అలమొగోర్డోలో పాతిపెట్టింది. 2014లో తవ్వి తీసి వేలం వేస్తే లక్ష డాలర్లు దాటి వచ్చాయి! ఖాళీ కేసులు, మాన్యువళ్లు కూడా దాచి విడిగా పెట్టండి. డిస్కు ఉండి పెట్టె లేనివాళ్లు వాటికోసమే వెతుకుతుంటారు.