సూపర్విజన్‌కి ఏం పట్టుకెళ్లాలి: నోటిమాటా, రికార్డింగా, ప్రత్యక్ష పరిశీలనా?

శిక్షణలో ఉన్న కౌన్సెలర్‌కి తన పనిని చూసి దారి చూపే సీనియర్‌తో, అంటే సూపర్వైజర్‌తో, వారానికి దొరికేది మహా అయితే ఓ గంట. ఆ గంటలో సెషన్‌ని ఆయన ముందు ఎలా పెట్టాలన్నదానికి మూడు దారులున్నాయి: జరిగింది చెప్పడం, రికార్డింగ్ వినిపించడం, సెషన్ నడుస్తుండగానే ఆయన చూడటం. మా ఓటు రికార్డింగ్‌కే, కానీ సెషన్ మొత్తానికి కాదు.

నోటితో చెప్పడంలో చిక్కు అబద్ధం కాదు. తన కంట పడనిది ట్రైనీ చెప్పలేరు, అంతే. క్లయింట్ "నాన్న పోయాక ఇల్లు అమ్మేశాం. ఇప్పుడు బాగానే ఉంది లెండి" అన్నారనుకోండి. ఆ "లెండి" దగ్గర గొంతు దిగిపోయింది. ట్రైనీ వెంటనే "కొత్త ఇంట్లో సర్దుకున్నారా?" అని అడిగేశారు. సూపర్విజన్‌లో ఇదంతా "ఇల్లు మారడం గురించి మాట్లాడుకున్నాం" అనే ఒక్క వాక్యమవుతుంది. రికార్డింగ్‌లో దిగిపోయిన గొంతూ వినపడుతుంది, క్షణమైనా ఆగకుండా దూసుకొచ్చిన ప్రశ్నా వినపడుతుంది. దుఃఖం ఎదురైతే ఈ ట్రైనీ ఎటు తప్పుకుంటారో అక్కడ పట్టుబడుతుంది.

అలాగని నోటిమాటని తీసిపారేయలేం. క్లయింట్లందరి సంగతీ ఒకసారి చుట్టి రావడానికి అదే దారి. ఆత్మహత్య ఆలోచనలు గానీ, హింస గానీ, పిల్లల భద్రత గానీ ముడిపడి ఉంటే రికార్డింగ్ కోసం ఆగకూడదు, వచ్చే వారం దాకా అసలే ఆగకూడదు. అప్పటికప్పుడే సూపర్వైజర్‌కి చెప్పాలి.

అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940ల తొలినాళ్లలోనే సెషన్లని ఫోనోగ్రాఫ్ డిస్కుల మీద రికార్డు చేయించి వాడారు. కొన్ని నిమిషాలకే డిస్కు నిండిపోయేది. ఇప్పుడు రికార్డు చేయడం తేలిక, వినడానికే టైం లేదు. యాభై నిమిషాలూ వినిపిస్తే చర్చకి మిగిలేది పది నిమిషాలు. అందుకని సెషన్ అయిన రోజే మీరొక్కరే విని, తడబడ్డ చోటు చూసుకుని ఐదారు నిమిషాల ముక్క తీయండి. అందులోని సంభాషణ మాటకి మాట రాయండి. మీరన్న ప్రతి మాట పక్కనా అప్పుడు మనసులో ఏముందో రాయండి. పైన ఒక ప్రశ్న ఉండాలి, "ఇక్కడ ఎందుకు తొందరపడ్డాను?" లాంటిది. "ఎలా చేశాను?" అంటే మార్కులడిగినట్టే.

ఇది చెడిపోయేది రెండు రకాలుగా. బాగా వచ్చిన ముక్కే తేవడం మొదటిది. దానికి విరుగుడుగా అప్పుడప్పుడూ సూపర్వైజరే ఏదో ఒక సెషన్ అడిగి, మధ్యలో నుంచి వినాలి. రెండోది, సూపర్వైజర్ వాక్యం వాక్యానికీ ఆపి సరిదిద్దడం. అమెరికన్ మనస్తత్వవేత్త నార్మన్ కేగన్ 1960ల్లో రూపొందించిన పద్ధతిలో ఆపే అధికారం ట్రైనీదే. ఎదుటివారు పాఠం చెప్పరు, "అప్పుడు మీకేమనిపించింది? అనాలనుకుని అనలేకపోయిందేమిటి?" అని అడుగుతారు. రోజులు గడిస్తే ఆ జ్ఞాపకం చల్లారిపోతుంది కాబట్టి ఒకట్రెండు రోజుల్లోపే కూర్చోవాలి.

రికార్డింగ్‌కి క్లయింట్ సమ్మతి సంతకంతో తీరేది కాదు. ఎవరు వింటారో, ఎప్పుడు చెరిపేస్తారో, మధ్యలో ఆపమన్నా సేవలు ఆగవనీ నోటితో చెప్పాలి. ఫైలుకి పేరు బదులు కోడ్ నంబరు పెట్టాలి. సొంత ఫోన్ వద్దు: గ్యాలరీతో పాటు రికార్డింగూ తనంతట తానే క్లౌడ్‌లోకి ఎక్కిపోవచ్చు.

ప్రత్యక్ష పరిశీలన ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక నుంచి కావచ్చు, వీడియోలో కావచ్చు, ట్రైనీ చెవిలో ఇయర్‌పీస్‌తో కావచ్చు. తప్పు జరగబోతుండగానే ఆపగలిగేది ఇదొక్కటే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకీ, ప్రమాదం ఉన్న కేసులకీ దీన్ని మించింది లేదు. అయితే చెవిలో మాట పడిన ప్రతిసారీ క్లయింట్ మాట జారిపోతుంది. సెషన్‌కి రెండు మూడు సూచనలు చాలు, అవీ "కోపం గురించి అడగండి" అన్నంత పొట్టిగా. అంతకు మించితే ట్రైనీ తోలుబొమ్మే. సూపర్వైజర్‌కీ ఒక్క క్లయింట్‌తోనే గంట గడిచిపోతుంది.

క్లయింట్ రికార్డింగ్ వద్దంటే బతిమాలకండి. సెషన్ ముగిసిన గంటలోపు, గుర్తున్న సంభాషణని వరసగా నాటకం రాసినట్టు రాయండి. గుర్తురాని చోట ఊహించి పూరించకుండా ఖాళీగా వదిలేసి తీసుకెళ్లండి. సూపర్వైజర్ మొదట అడిగేది ఆ ఖాళీ గురించే.