అరవై దాటినవారి కుంగుబాటుకి ఏ థెరపీ మేలు?

"నాన్నకి 68. ఈ వయసులో కౌన్సెలింగ్ పనిచేస్తుందా?" అని అడిగేవాళ్లు చాలామంది. పనిచేస్తుంది. యాభై దాటితే మనసుకి సాగే గుణం ఉండదని 1905లో మనోవిశ్లేషణ పద్ధతికి ఆద్యుడైన ఫ్రాయిడ్ రాశాడు. ఆ అభిప్రాయం ఇంకా పోలేదు. కానీ ఇంగ్లండ్‌లో 2008 నుంచి నడుస్తున్న ప్రభుత్వ థెరపీ సేవల్లో, వెళ్లేవాళ్లు తక్కువే అయినా, చిన్నవాళ్ల కంటే 65 దాటినవాళ్లే ఎక్కువ శాతం కోలుకుంటున్నారు. పెద్దవాళ్లు మొదలుపెట్టాక సెషన్లు మధ్యలో మానేయడం తక్కువ.

ఇక సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. బెంగకి కారణమైన ఆలోచనను పట్టుకుని, రాసి, నిజమెంతో తేల్చుకునే పద్ధతి. పాతిక, ముప్ఫై ఏళ్లవాళ్ల ఆందోళనకి నేను ముందు చెప్పేది ఇదే, భయపడే పనిని మెట్లుమెట్లుగా చేయించే భాగం వదలకుండా ఉంటేనే. పెద్దవాళ్లలో ఎడతెగని ఆందోళనకి దీని ఫలితం కొంత తగ్గుతుంది. ఏడు గళ్ల ఆలోచనల పట్టిక చేతికిస్తే చాలామంది రెండో వారానికే పక్కన పెట్టేస్తారు.

అందుకే కుంగుబాటుకి నా మొగ్గు బిహేవియరల్ యాక్టివేషన్ వైపు. నా దృష్టిలో ఫలితాన్ని తేల్చేది వయసు కాదు, రెండు సెషన్ల మధ్య ఆ మనిషి ఇంట్లో ఏం చేశాడన్నదే. ఈ పద్ధతిలో ఆలోచనల జోలికి వెళ్లరు, పనితో మొదలుపెడతారు. పెద్ద అక్షరాల్లో ఒకటే కాగితం, వారానికి మూడే పనులు, ప్రతిదానికీ టైము: ఉదయం 6.30కి పాలప్యాకెట్ తానే తేవడం, మంగళవారం సాయంత్రం పాత సహోద్యోగికి ఫోన్. చేశాక మనసు ఎలా ఉందో పదికి మార్కు. "కాస్త తిరగండి" అని రాస్తే ఎవరూ తిరగరు. ఇంకో తప్పు ఇంట్లోవాళ్లది: జాలితో ఆ పాలప్యాకెట్ కొడుకో కోడలో తెచ్చేస్తారు. సెషన్‌లో పక్కన కూర్చుని ఆయన బదులు జవాబులు కూడా చెప్పేస్తారు.

మోకాళ్ల నొప్పి, పెన్షన్ చిక్కు, ఒంటరితనం లాంటి సమస్యలే మూలమైతే ప్రాబ్లం సాల్వింగ్ థెరపీ (సమస్యను విడగొట్టి, దారులు వెతికి, ఒకటి ఎంచుకుని చేసి చూసే పద్ధతి) జోడించాలి. గోవాలో కుంగుబాటు అంచున ఉన్న 60 పైబడినవాళ్లకి వృత్తి నిపుణులు కాని కౌన్సెలర్లే దీన్ని నేర్పారు. ఏడాదిలో పూర్తిస్థాయి కుంగుబాటులోకి జారినవాళ్లు 4.4 శాతం, ఈ శిక్షణ అందనివాళ్లలో 14.4 శాతం. మనుషులతో సంబంధాల్లో వచ్చిన మార్పుల మీద పనిచేసే ఐపీటీ (ఇంటర్‌పర్సనల్ థెరపీ) కూడా మంచిదే, భార్యో భర్తో పోయిన దుఃఖానికి ముఖ్యంగా. కానీ అది వచ్చిన థెరపిస్టు దొరకాలి.

మొదలుపెట్టే ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు, వినికిడి చూపించండి. సగం మాటలు వినపడని మనిషికి ఏ థెరపీ పనిచేయదు. మతిమరుపు ఉంటే డాక్టరుకి విడిగా చెప్పండి, కుంగుబాటు వల్ల కూడా అది వస్తుంది. ఆరో సెషన్‌కి పీహెచ్‌క్యూ-9 (కుంగుబాటు తీవ్రతను కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక) స్కోరు 5 పాయింట్లైనా దిగకపోతే పద్ధతి మార్చడమో మందు కలపడమో సైకియాట్రిస్టుతో మాట్లాడండి. చావు మాటలు మాట్లాడుతున్నా, తిండి మానేసినా సెషన్ తేదీ కోసం ఆగొద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.