ఆల్బినో గోఫర్ పాములు: ఏళ్ల తరబడి పెంచాక రంగుల గురించి నా మాట

కాలిఫోర్నియాలో మా ఇంట్లో మూడు ఆల్బినో గోఫర్ పాములున్నాయి. గోఫర్ అంటే ఉత్తర అమెరికాలో ఉండే విషం లేని పాము. ఒకటి శాన్ డియేగో గోఫర్, ఒకటి చారల పసిఫిక్ గోఫర్, మూడోది అదే జాతికి చెందిన స్నో బుల్‌స్నేక్. మూడింటినీ పిల్లలుగా ఉన్నప్పుడే తెచ్చుకున్నాను. కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది రంగు గురించే కాబట్టి అదే రాస్తున్నాను.

ఆల్బినో అనగానే తెల్లపామే అనుకుంటారు. నిజానికి వీటిలో లేనిది నలుపు, గోధుమ రంగులనిచ్చే మెలనిన్ ఒక్కటే. పసుపు, ఎరుపు రంగులు వేరే కణాల్లో ఉంటాయి, వాటికేమీ కాదు. మామూలు గోఫర్ పాము వీపు మీద ముదురు మచ్చలుంటాయి. ఆ నలుపు లేకపోయేసరికి కింద దాగిన నారింజ, పసుపు బయటపడతాయి. కళ్లు ఎర్రగా ఉంటాయి.

నా ఓటు శాన్ డియేగో రకానికే. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో పాలిపోయిన గులాబీ రంగులో ఉంటుంది, చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కుబుసం విడిచిన కొద్దీ పసుపు ఎక్కుతుంది. మా దానికి మెడ దగ్గర మచ్చలు ఇప్పుడు పండిన బంగినపల్లి రంగుకొచ్చాయి, తోక వైపు ఇంకాస్త ఎరుపు. కుబుసం వదిలిన మర్నాడు దగ్గరగా చూడాలి. ఒక్కో పొలుసు మధ్యలో సన్నని గీతలా ఉబ్బు ఉంటుంది. మచ్చ అంచున ఉన్న పొలుసు సగం నారింజ, సగం లేత పసుపు. కుబుసానికి ముందు మాత్రం ఒళ్లంతా మసకబారి, ఎర్రటి కళ్లకు పాలపొర కమ్ముతుంది. ఆ రోజుల్లో ఫొటో తీసి రంగు పోయిందని టెన్షన్ పడొద్దు.

పసిఫిక్ రకంలో చారలు మనుషులు పుట్టించినవి కావు, కాలిఫోర్నియాలో అడవి పాముల్లోనూ కనిపిస్తాయి. మచ్చలకు బదులు వీపు పొడవునా గీతలు. రంగు శాన్ డియేగో అంత గాఢంగా రాలేదు గానీ, పాము కదులుతుంటే ఆ గీతల అందం వేరు.

స్నోలో ఆల్బినోతో పాటు ఎరుపు, పసుపులను తగ్గించే ఇంకో జన్యులోపం కలుస్తుంది. రెండూ పైకి కనిపించకుండా లోపల మోసే తల్లిదండ్రులకు పుట్టే పిల్లల్లో సగటున 16కి ఒకటే స్నో అవుతుంది, అందుకే ధర ఎక్కువ. ఫొటోలో చాలా బాగుంటుంది. రోజూ చూసేవాడిగా చెప్తున్నా, ఆ తెలుపు మొదటి రోజు ఎలా ఉందో ఇప్పుడూ దాదాపు అలాగే ఉంది. ఎదుగుతున్న కొద్దీ రంగు మారడం చూసే ఆనందం ఇందులో దొరకలేదు.

స్వభావానికీ రంగుకీ సంబంధం లేదు. మూడూ భయపడితే గట్టిగా బుస కొడతాయి, తోక ఆడిస్తాయి. చుట్టాలు తోకతో గిలకల శబ్దం చేసే విషపాము రాటిల్‌స్నేక్ అనుకుని వెనక్కి జరుగుతారు. విషం లేదు, మన జెర్రిపోతులాగే ఎలుకల్ని తింటాయి. కరిగించిన ఫ్రోజెన్ ఎలుకనే ఇస్తాను. (హైదరాబాద్ నుంచి మా పిల్లలు అడుగుతుంటారు: బాబాయ్, ఇక్కడ జెర్రిపోతును పెంచొచ్చా అని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.)

ఆల్బినోలకు నేను తీసుకునే ప్రత్యేక జాగ్రత్త వెలుతురు విషయంలోనే. పాములకు రెప్పలుండవు, వీటి కళ్లలో మెలనిన్ కూడా లేదు. రంగు మెరవాలని పెట్టె మీద తీవ్రమైన లైటు పెడితే రోజంతా దాక్కునే ఉంటాయి. మందమైన లైటు, చీకటిగా ఉండే రెండు గూళ్లు, ఒక వైపు 30 డిగ్రీల వెచ్చదనం. సాయంత్రం వాటంతట అవే బయటికొస్తాయి.

కొనేటప్పుడు పిల్ల ఫొటో చూసి డబ్బు కట్టకండి. తల్లిదండ్రులు పెద్దయ్యాక, కుబుసం విడిచాక పగటి వెలుతురులో తీసిన ఫొటోలు అడగండి. ఇవి 15 ఏళ్లు దాటి బతుకుతాయి, ఇంటికి వచ్చాక మీరు చూసేది ఎక్కువగా ఆ పెద్దపాము రంగునే.