సోరియాలో నుమాన్సియా: ముందు మ్యూజియం, తర్వాత గుట్ట

స్పెయిన్‌లోని సోరియా నగరంలో ఉన్న నుమాన్సియా మ్యూజియాన్నీ, అక్కడికి సుమారు 7 కిలోమీటర్ల దూరంలో గర్రాయ్ గ్రామాన్ని ఆనుకుని గుట్టమీద ఉన్న, ఒకప్పుడు రోమ్‌ను ఎదిరించిన ప్రాచీన పట్టణం నుమాన్సియా శిథిలాలనూ కలిపి చూడాలి. వరస కూడా ముఖ్యమేనని నా అభిప్రాయం: ముందు మ్యూజియం, తర్వాత గుట్ట.

గుట్టమీద మిగిలినవి ఎక్కువగా పునాది రాళ్లు, వీధుల జాడలు. రోమన్లకు ముందు ఇక్కడ బతికిన కెల్టిబేరియన్ జాతివారి ఇల్లొకదాన్నీ, ఒక రోమన్ ఇంటినీ, ప్రాకారంలో కొంత భాగాన్నీ తిరిగి కట్టి చూపారు గానీ, అక్కడ బతికిన మనుషుల అభిరుచి తెలియాలంటే 1919లో ప్రారంభమైన మ్యూజియంలో రంగులు వేసిన మట్టిపాత్రల ముందు తీరిగ్గా నిలబడాలి. తలపడుతున్న యోధుల బొమ్మలున్న పాత్ర ఒక్కటి చాలు, వీరిని అనాగరికులన్న రోమన్ల మాట నమ్మకుండా ఉండటానికి. 1905 నుంచి ఇక్కడ తవ్వకాలు జరిపిన జర్మన్ పండితుడు అడాల్ఫ్ షుల్టెన్‌కు దొరికిన వస్తువులు చాలావరకు మైంజ్ నగరానికి తరలిపోవడం మాత్రం బాధాకరం.

ఆ తర్వాత గుట్ట ఎక్కితే యుద్ధం నేలమీదే అర్థమవుతుంది. కింద తేరా నది దువేరోలో కలుస్తుంది. చుట్టూ కనిపించే మిట్టల మీదే క్రీ.పూ. 134లో రోమన్ సేనాని స్కిపియో ఎమీలియానస్ శిబిరాలు వేయించి, వాటిని కలుపుతూ దాదాపు 9 కిలోమీటర్ల గోడ కట్టించాడు. ఈతగాళ్లు కూడా దాటిపోకుండా కత్తులు బిగించిన దుంగలను నదికి అడ్డంగా కట్టించాడని చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. రెండు దశాబ్దాలు రోమ్‌ను ఎదిరించిన పట్టణం క్రీ.పూ. 133లో ఆకలికి లొంగింది.

నేటి సోరియా ప్రావిన్స్ ఖాళీగా ఉండటానికి కారణం ఆ ముట్టడి కాదు. సుమారు 10,300 చదరపు కిలోమీటర్లలో ఇప్పుడు దాదాపు 90,000 మందే ఉన్నారు. 1950లో లక్షా అరవై వేలకు పైగా ఉండేవారు. వేయి మీటర్ల ఎత్తున్న పీఠభూమి, దీర్ఘమైన చలికాలం, మెరీనో జాతి ఉన్నిపై ఆధారపడిన ఒకప్పటి గొర్రెల పెంపకం క్షీణించడం, పరిశ్రమలు ఇతర నగరాల్లో వెలియడం, యంత్రాల వల్ల పొలాల్లో పని తగ్గడం, ఇవన్నీ కలిసి యువతను మాడ్రిడ్, జరగోజా, బార్సిలోనాలకు పంపాయి. గుట్టమీద నుంచి కనిపించే విశాలమైన పొలాలను ఈ సంగతి తెలిసి చూడటం మేలు.

సొంత వాహనం ఉంటే రెండూ ఒకే రోజులో చూడవచ్చు. గుట్టమీద నీడ తక్కువ, గాలి ఎక్కువ. చలికాలంలో మందపాటి దుస్తులు తప్పనిసరి.